పేకలో లేని జవాబు

టారో కార్డులు చెప్పేవాళ్ల వీడియోలు ఇప్పుడు తెలుగులోనూ బోలెడు. తెర మీద మూడు కుప్పలు పేర్చి, మనసుకు నచ్చిన కుప్పను ఎంచుకోమంటారు. వాటి శీర్షికలు వరుసగా చదువుకుంటూ పోతే ఒక సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. అతను ఇప్పుడు మీ గురించి ఏమనుకుంటున్నాడు, ఆమె ఎందుకు మాట్లాడటం మానేసింది, దూరమైన స్నేహితులు మళ్లీ దగ్గరవుతారా? జనం పదేపదే వెతుక్కునేది అవతలి మనిషి మనసు. టారో పేక ఎన్నటికీ జవాబివ్వలేని ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదే. అయితే అదే పేకను అవతలివారి మనసు చదవడానికి కాకుండా మన మనసులోది బయటపెట్టుకోవడానికి, ఇద్దరు స్నేహితులు మామూలుగా ఎత్తని మాట ఎత్తడానికి వాడుకుంటే బాగా పనికొస్తుందని నా వాదన. అక్కడ పనికిరాకపోవడానికీ ఇక్కడ పనికిరావడానికీ కారణం ఒక్కటే: ఆ ముక్కలకు ఏమీ తెలియదు.

ముందు ఆ ముక్కలు ఎక్కడివో చూద్దాం. అవి పుట్టింది ఆట కోసం. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో, అప్పటికే వాడుకలో ఉన్న నాలుగు రంగుల పేకకు బొమ్మలున్న మరికొన్ని ముక్కలు జతచేసి వాటిని తురుపులుగా వాడటం మొదలుపెట్టారు. 1440లో ఫ్లారెన్స్‌లో ఒక నోటరీ రాసుకున్న డైరీలో, 1442లో ఫెరారా పాలకుల ఇంటి పద్దుల్లో వీటి ప్రస్తావన కనిపిస్తుంది. మిలాన్‌ను ఏలిన విస్కాంతి, స్ఫోర్జా వంశాలవారు బంగారు పూతతో గీయించుకున్న ముక్కలు ఇప్పటికీ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా జనం వీటితో ప్రధానంగా ఆడుకున్నది పేకాటే. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో నేటికీ ఆడుతున్నారు. 1781లో ఆంత్వాన్ కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు, ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానాన్ని దాచుకున్న గ్రంథమని రాశాడు. ఈజిప్టు చిత్రలిపి గుట్టును షాంపోలియోన్ విప్పింది 1822లో. అంటే జెబెలిన్ ఆ మాట రాసేనాటికి ఆ లిపిలో ఒక్క వాక్యం చదవగలిగినవాడు లోకంలో లేడు. అయినా ఆ ఊహ నాటుకుపోయింది. కొద్ది ఏళ్లలోనే ఎత్తెయ్యా అనే మారుపేరుతో పారిస్‌లో ఒకాయన జోస్యం కోసమే ప్రత్యేకంగా పేక అచ్చువేయించాడు. ఈ కథనంతా చిక్కు విడదీసి చూపినవాడు ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త మైకేల్ డమ్మెట్. 1980లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత ఈజిప్టు కథను చరిత్రగా చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

మన చేతికి ఇప్పుడు ఎక్కువగా వచ్చే పేక వయసు ఇంకా తక్కువ. 1909లో లండన్‌లో విలియం రైడర్ సంస్థ అచ్చువేసిన పేక అది. ఏ బొమ్మ వెనుక ఏ భావం ఉండాలో రహస్యవిద్యల మనిషి ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచించాడు, పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. మొత్తం 78 ముక్కల్లో 22 పెద్దవి: మూర్ఖుడు, సన్యాసి, మృత్యువు, బురుజు లాంటివి. మిగిలిన 56 చిన్నవి. మన పేకలోలాగే నాలుగు రంగులు, కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు. పాత ఫ్రెంచి పేకల్లో ఐదు కప్పుల ముక్క మీద ఐదు కప్పులే ఉండేవి. స్మిత్ ఆ చిన్న ముక్కల్లోకీ మనుషుల్ని తెచ్చింది. అంతకుముందు 1490ల నాటి సోలా బుస్కా అనే ఇటలీ పేకలో అలాంటి ప్రయత్నం ఉంది. దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి, స్మిత్ బొమ్మలు కొన్నిటిలో వాటి పోలికలు కనిపిస్తాయి. అయినా ఆమె చేసింది అనుకరణ కాదు. ఎలెన్ టెర్రీ, హెన్రీ ఇర్వింగ్‌ల నాటకబృందంతో కలిసి పనిచేసిన మనిషి ఆమె. జమైకా జానపద కథలు పోగుచేసి పుస్తకం వేసింది, సభల్లో కథలు చెప్పేది. అందుకే ఆమె గీసిన ప్రతి ముక్కా నాటకంలో సగం నడిచి ఆగిపోయిన రంగంలా ఉంటుంది. ఐదు కప్పుల ముక్కలో నల్లని అంగీ కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల వైపే తలవంచి నిలబడతాడు. వెనక రెండు కప్పులు నిటారుగా ఉన్నాయి, అతను చూడటం లేదు. పది కర్రల ముక్కలో ఒకడు మోపు ఎత్తుకుని ఊరివైపు నడుస్తుంటాడు, ఆ మోపే అతని ముఖానికి అడ్డం. ఎనిమిది కప్పుల ముక్కలో ఎర్రని దుస్తుల మనిషి పేర్చి ఉంచిన కప్పులను వదిలేసి కొండలవైపు వెళ్లిపోతుంటాడు. ఎందుకు, ఎవరిమీద కోపంతో, తిరిగొస్తాడా? బొమ్మ చెప్పదు. ఇంత చేసిన స్మిత్‌కు ముట్టింది కొద్దిపాటి సొమ్మే, ఆమె 1951లో పేదరికంలో చనిపోయింది. చాలాకాలం ఆ పేకను రైడర్, వెయిట్‌ల పేర్లతోనే పిలిచారు. నా దృష్టిలో టారోకు ఇవాళ్టికీ విలువ మిగిలిందంటే అది ఆమె కుంచె వల్లే, వెయిట్ రహస్యవిద్య వల్ల కాదు.

ఇక ముక్కలకు ఏమీ తెలియదన్న మాటకు ఆధారాలు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన తరగతిలోని 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావ వర్ణన వారికిచ్చి, అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి ఏరినవి. రే హైమన్ అనుభవం ఇంకా పదునైంది. చదువుకునే రోజుల్లో హస్తసాముద్రికం చెప్పి సంపాదించుకున్న ఆయన, తన మాటలు నిజమవుతున్నాయనే నమ్మాడు. ఒక మిత్రుడి సలహాతో, చేతిరేఖలు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పి చూశాడు. విన్నవాళ్లు ఎప్పటిలాగే ఆశ్చర్యపోయారు, అంతా నిజమేనన్నారు. ఆయన తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయి, ఎదుటివారి ముఖకవళికల నుంచి జోస్యం అల్లే విధానం మీద పేరుపొందిన వ్యాసం రాశాడు. టారో మీదే ప్రయోగం చేసినవారు సుసాన్ బ్లాక్‌మోర్. స్వయంగా ఏళ్ల తరబడి కార్డులు చెప్పిన మనిషి. ఒక్కొక్కరికీ చెప్పిన జోస్యాన్ని మిగతావారి జోస్యాలతో కలిపేసి, ఇందులో మీది ఏదో గుర్తుపట్టండని అడిగారు. పరిచయాల ద్వారా సంగతులు పొక్కే వీలు లేకుండా ఏర్పాటు చేశాక, గుర్తుపట్టడం గాలివాటానికి మించలేదు. 1983లో అచ్చయిన అధ్యయనం ఇది.

ఇంత చెప్పినా నమ్మేవారి దగ్గర బలమైన అనుభవం ఒకటి ఉంటుంది: ఒకే ముక్క వెంటపడి రావడం. ఈ వారంలో రెండుసార్లు అదే వచ్చింది, ఏదో చెప్పాలనుకుంటోంది అంటారు. ఆ అనుభవం అబద్ధం కాదు, దాని వెనక లెక్క మాత్రం సాదాసీదా. రోజూ 78 ముక్కలనూ కలిపి ఒకటి తీసేవారికి ఏడు రోజుల్లో ఏదో ఒక ముక్క మళ్లీ వచ్చే అవకాశం దాదాపు 24 శాతం. పదకొండు రోజులకు అది సగం దాటుతుంది. రోజుకో ముక్క తీస్తే మృత్యువు ముక్క ఏడాదిలో సగటున నాలుగైదు సార్లు ఎదురవుతుంది, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నా సరే. వరుసగా మూడు ముక్కలు పరిచే పద్ధతిలో 4,56,456 రకాల వరుసలు సాధ్యం. అన్ని వరుసల్లో ఏది వచ్చినా మన బుర్ర దానికో కథ అల్లేస్తుంది. మన వీధుల్లో చిలక జోస్యం చూసినవారికి ఇది కొత్త కాదు. చిలక తీసేది ఒక ముక్క, ఆ ముక్కను మన బతుక్కి అతికించేది దాని పక్కన కూర్చున్న మనిషి. ఆ అతికించే పని ఎవరు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. డబ్బు పుచ్చుకునే జోస్యగాడు చేస్తే ఒక ఫలితం, మనమే చేసుకుంటే మరో ఫలితం.

బొమ్మ చూపించి కథ చెప్పించుకోవడం మనస్తత్వ శాస్త్రంలో పాత పనే. 1935లో హార్వర్డ్‌లో క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రే ప్రకటించిన పరీక్షలో అర్థం తేలని దృశ్యాలు చూపించి, ఇక్కడ ఏం జరుగుతోంది, దీనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏమవుతుంది అని అడుగుతారు. చెప్పే కథలో చెప్పేవాడి భయాలు, ఆశలు దొర్లుతాయన్నది దాని ఆధారం. రోగనిర్ధారణకు అది ఎంతవరకు నమ్మదగిందన్న దానిపై వాదాలు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ స్నేహితులిద్దరికి కావలసింది రోగనిర్ధారణ కాదు, మాట మొదలుకావడం. ఐదు కప్పుల ముక్క తీసిన అమ్మాయి, ఆ నల్లంగీ మనిషికి వెనక ఉన్న రెండు కప్పులు ఎందుకు కనబడటం లేదో చెబుతూ చెబుతూ, సివిల్స్ పోయిన దగ్గర్నుంచి అమ్మకు సరిగ్గా ఫోన్ కూడా చేయట్లేదన్న సంగతి దగ్గరికి తనంతట తానే వచ్చేయవచ్చు. పోయినదాని గురించి మాత్రమే ఎందుకు బాధపడుతున్నావని స్నేహితురాలు నేరుగా అంటే అది మందలింపు అయి ఉండేది. బొమ్మలోని మనిషి గురించి ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే ఎవరికీ తప్పు చేసిన భావం రాదు. చూపు ఒకరి ముఖం మీద ఒకరిది కాకుండా ఇద్దరి మధ్య ఉన్న మూడో వస్తువు మీద ఉంటుంది. ఈ ఎడం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. మాట్లాడుకోవడానికి ఇంత తతంగం ఎందుకు, సూటిగా అడగొచ్చు కదా? అడగగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ అడగం. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నా అంటాం, తిన్నావా అంటే తిన్నా అంటాం, ఆ రెండు మాటల మీదే కొన్ని స్నేహాలు పదేళ్లు నడుస్తాయి. 2021లో మైకేల్ కార్డాస్, అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ ప్రచురించిన ప్రయోగాలు ఇందుకు కారణం చూపిస్తాయి. లోతైన విషయాలు మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని మనుషులు ముందే ఎక్కువగా భయపడతారు. తీరా మాట్లాడాక ఆ ఇబ్బంది అనుకున్నదానికంటే తక్కువే, దగ్గరితనం ఎక్కువే. 1997లో ఆర్థర్ ఆరన్ బృందం అపరిచితులను జంటలుగా కూర్చోబెట్టి, క్రమంగా లోతు పెరిగే 36 ప్రశ్నలు ఇచ్చి 45 నిమిషాలు మాట్లాడించింది. పైపై కబుర్లు చెప్పుకున్న జంటలకంటే వీళ్లు ఎక్కువ దగ్గరితనం అనుభవించారు. అక్కడ పనిచేసింది ప్రశ్నల కాగితం. ఇది నేను అడుగుతున్న ప్రశ్న కాదు, కాగితంలో ఉంది అన్న వెసులుబాటును అది ఇచ్చింది. టారో ముక్క ఇచ్చేదీ సరిగ్గా ఆ వెసులుబాటునే. ముక్క దానంతట అది వచ్చింది, ఎవరూ ఏరి పెట్టలేదు, కాబట్టి ఎవరి మీదా ఉద్దేశం అంటగట్టలేం. అందులో ముందే తెలివి ఉందనుకుంటే ఈ మేలు కాస్తా పోతుంది. అప్పుడు ముక్క తీర్పు చెబుతుంది, మనిషి నోరు మూసుకుంటాడు.

అందుకే స్నేహితుల మధ్య ఎవరు ముందు మాట్లాడాలన్నది చాలా ముఖ్యం. ముక్క తీసినవారే ముందు మాట్లాడాలి. స్నేహితురాలు పుస్తకం తెరిచి అర్థం చదివిపెట్టకూడదు. పుస్తకం పేరుతో తన సొంత అభిప్రాయాన్ని ముక్క నోట పలికించకూడదు. ఇది అనుకున్నంత సులువు కాదు. నీ భర్త నాకు మొదట్నుంచీ నచ్చలేదు అని ఎదురుగా అనలేనివారికి, చూడు, ఈ ఎనిమిది కప్పులు నిన్ను వెళ్లిపొమ్మంటున్నాయి అనడం చాలా తేలిక. ఆ మాట తన బాధ్యత కాకుండా పోతుంది, వినేవారి మీద మాత్రం విధివాక్యంలా పడుతుంది. స్నేహంలో ఇంతకంటే పెద్ద అన్యాయం నాకు తోచదు. దానికి బదులు, ఈ బొమ్మలో నువ్వెక్కడున్నావు అని అడిగితే చాలు. ఆరు నాణేల ముక్క తీసుకోండి. మంచి బట్టల్లో ఉన్న ఒకతను ఒక చేత తక్కెడ పట్టుకుని, మరో చేత్తో మోకరిల్లిన ఇద్దరికి నాణేలు వేస్తుంటాడు. అప్పు ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరు స్నేహితులు ఈ ముక్క ముందు కూర్చుంటే, ఒకరు తాను ఆ దాతనని చెప్పుకోవచ్చు, మరొకరు తన ఎదురుగా ఎప్పుడూ ఆ తక్కెడ ఊగుతున్నట్టే ఉంటుందని చెప్పవచ్చు. సాయం తీసుకున్నవారికి తక్కెడ కనిపిస్తోందన్న సంగతి ఇచ్చినవారికి అప్పటిదాకా తెలిసుండకపోవచ్చు.

ఇక్కడికి మొదటి ప్రశ్న తిరిగొస్తుంది, అవతలి మనసు సంగతి. టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికోలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఎదుటివారి స్థానంలో నిలబడి ఊహించుకుంటే వారి మనసు బాగా అర్థమవుతుందని మనమంతా అనుకుంటాం. ఆ ప్రయోగాల్లో అలా ఊహించినవారి అంచనాలు ఏమీ మెరుగుపడలేదు. భార్యాభర్తల మధ్య కూడా అంతే. మెరుగుపడింది ఒక్క సందర్భంలోనే: అవతలివారిని అడిగి తెలుసుకున్నప్పుడు. ఊహకే అంత పరిమితి ఉంటే, ఊహకు ఒక ముక్క ఆసరా ఇచ్చి, అదే నిజమని నమ్మితే ఏమవుతుంది? అతను నా గురించి ఏమనుకుంటున్నాడని ముక్క తీస్తే వచ్చేది మన భయమో మన ఆశో. ఐదు కత్తుల ముక్కలో చేతిలో కత్తులతో నవ్వుతూ నిలబడ్డవాడిలో, దూరమైన స్నేహితుడి ముఖం కనబడుతుంది. ఆ నవ్వు అతనిది కాకపోయినా మరుసటిరోజు అతనితో మాట్లాడే మన గొంతులోకి ఆ ముక్క వచ్చేస్తుంది. అక్కడ లేని మనిషి గురించి ముక్క తీయడం, అతను జవాబు చెప్పుకునే వీలు లేకుండా విచారణ జరపడమే. అతన్ని ఏం అడగడానికి భయపడుతున్నాను అని మార్చి అడిగితే, అదే ముక్క ఫోన్ చేసే ముందు మాట కూడదీసుకోవడానికి సాయపడుతుంది.

రోజువారీ అలవాటు గురించి ఒక్క మాట. చాలామంది పొద్దున్నే ముక్క తీసి ఇవాళ ఎలా ఉంటుందో చూసుకుంటారు. నేను సాయంత్రం తీయడమే మేలంటాను. పొద్దున బురుజు కూలుతున్న ముక్క వస్తే, సాయంత్రం దాకా కూలేదాని కోసం కళ్లు వెతుకుతాయి, బస్సు తప్పినా అదేనేమో అనిపిస్తుంది. సాయంత్రం తీస్తే రోజు అప్పటికే గడిచిపోయింది, ముక్క దాన్ని మార్చలేదు. ఇందులో ఏది ఇవాళ్టికి సరిపోతుంది, ఏది సరిపోదు అని రెండూ రాసుకోవచ్చు. రాయడం గురించి జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బియల్ 1986లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. మనసును కలచినదాన్ని రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాసిన విద్యార్థులు తర్వాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. తర్వాతి సమీక్షల్లో ఈ మేలు చిన్నదేనని తేలింది. చిన్నదైనా ఖర్చు లేనిది.

నచ్చిన ముక్క వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయడం మొదలైతే మాత్రం పేకను పెట్టెలో పెట్టేయాలి. భరోసా కోసం పదేపదే అడగడం ఆందోళనను తగ్గించదు, పెంచుతుంది. ఆందోళన రుగ్మతలకు చికిత్స చేసేవారు గట్టిగా చెప్పే విషయం ఇది. డబ్బు తీసుకుని చెప్పేవారి దగ్గర ప్రమాదం మరో మలుపు తిరుగుతుంది. ముక్కలో దోషం కనబడిందని, దానికి పరిహారం ఉందని, ఆ పరిహారానికి ఇంత అవుతుందని అన్న క్షణం లేచి వచ్చేయాలి. రాత్రిళ్లు నిద్రపట్టని స్నేహితురాలు, బతకాలని లేదన్న స్నేహితుడు ఎదురుగా ఉంటే ముక్క తీయడమే తప్పు. అప్పుడు చేయాల్సింది డాక్టరు దగ్గరికి వెంట వెళ్లడం, ఆ రాత్రి ఒంటరిగా వదలకపోవడం.

అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2025లో వెల్లడించిన సర్వే ప్రకారం 30 శాతం వయోజనులు ఏడాదికి ఒక్కసారైనా జ్యోతిషాన్నో టారోనో జోస్యగాళ్లనో ఆశ్రయిస్తున్నారు. వారిలో ఎక్కువమంది సరదా కోసమే అన్నారు. సరదాగా మొదలైనది ఎక్కడ నమ్మకంగా మారుతుందో ఎవరికీ తెలియదు కదా అని హేతువాదులు ఆందోళనపడతారు, ఆ ఆందోళన తీసిపారేసేది కాదు. మరోవైపు నుంచి, జోస్యం దేవుడి పట్ల అపచారమని నమ్మే ముస్లింలు, క్రైస్తవులు మన మధ్య లక్షల్లో ఉన్నారు. వాళ్ల ఇంట్లో పిల్లలు ఈ పేకను తీసుకొస్తే పెద్దలకు కలిగే బాధ నిజమైనది. ఈ రెండు వర్గాలకూ నా జవాబు ఒకటే: ముక్కల్లో శక్తి లేదన్నదే ఈ వాదన పునాది కాబట్టి, ఈ ముక్కలే ఉండాలన్న పట్టూ దీనికి లేదు. మోర్గన్, మర్రే తమ పరీక్షకు కావలసిన బొమ్మల్లో కొన్నింటిని పత్రికల్లో అచ్చయినవాటి నుంచే తెచ్చుకున్నారు. పాత వారపత్రికల కథల బొమ్మలు ఓ ఇరవై కత్తిరించి అట్ట మీద అంటించి, బోర్లించి కలిపి ఒకటి తీసినా పని జరుగుతుంది. బొమ్మలో మనుషులుండాలి, వాళ్ల మధ్య ఏదో తెగకుండా మిగిలి ఉండాలి, కింద పేరుగానీ అర్థంగానీ రాసి ఉండకూడదు.